మనిషికీ కోడికీ చేపకీ ఒకటే మాత్ర

అయ్యలారా, అమ్మలారా! మనుషులకొక ఆసుపత్రి, పశువులకొక ఆసుపత్రి, చేపలకొక ఆఫీసు, చెరువు నీళ్లకు ఇంకో ఆఫీసు! ఎందుకండీ ఇంత దుబారా? ఒక సొరుగు, ఆ సొరుగులో ఒక మాత్ర ఉంటే ఈ భవనాలన్నీ కల్యాణ మండపాలకు అద్దెకిచ్చుకోవచ్చు.

నమ్మకం కుదరకపోతే ఏలూరు వచ్చి, మునీర్ మందుల షాపు ముందు ఒక్క అరగంట నిలబడండి.

మనిషి ఆరోగ్యం, జంతువు ఆరోగ్యం, గాలీ నీరూ ఆరోగ్యం వేరు వేరు కావని, మూడూ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయని పెద్ద దేశాల శాస్త్రవేత్తలు ఈ మధ్య గట్టిగా చెబుతున్నారు. పాపం, ఆలస్యంగా మేలుకున్నారు! తండ్రి మీరావలి పోయి షాపు తన చేతికొచ్చిన ఏడాదే మునీర్ ఈ సత్యాన్ని అమలులో పెట్టేశాడు. ఆ షాపుకు రెండు బోర్డులు. ఎడమ వైపు 'ఇంగ్లీషు మందులు'. కుడి వైపు 'కోళ్లు, చేపలు, పశువుల మందులు'. బోర్డులు రెండే గానీ లోపల అడ్డుగోడ లేదు. మందుకు లేని తేడా గోడకెందుకు?

ఆ సొరుగులో ఉన్న మాత్ర పేరు చివర 'సిన్' అని వస్తుంది. దాని అన్నగారు పొడి రూపంలో కేజీ డబ్బాల్లో ఉంటాడు, కోళ్లకు. బాబాయిగారు బస్తాల్లో ఉంటాడు, చేపలకు. అంతా ఒకే కుటుంబం. ఇంటిపేరు ఒక్కటే. మునీర్ యాభై రెండేళ్ల జీవితంలో పదకొండు వందల మందుల పేర్లు, ఏ అరలో ఏది ఉందో సహా కంఠతా పట్టినవాడు. కాగితం చూడకుండా చెయ్యి పెట్టి తీస్తాడు. తనంత మందులు తెలిసిన వాడు జిల్లాలో లేడని అతని నమ్మకం. ఆ నమ్మకంలో అబద్ధం కూడా లేదు.

షాపుకు వచ్చేవాళ్లను చూడండి.

తాడేపల్లిగూడెం నుంచి తాతారావు గారు వస్తారు. ఆయనకు ఇరవై వేల కోళ్ల ఫారం ఉంది. గుడ్డు పగిలి పిల్ల కళ్లు తెరిచిన రోజునుంచీ ఆయన నీళ్లలో మందు కలిపి తాగిస్తారు. జబ్బు చేసిందా అని అడక్కండి. జబ్బు చేశాక మందు వేయడం పాత పద్ధతి. ఫారం ఊడ్పించి, సున్నం కొట్టించి, ఒక కోడి ఉండాల్సిన చోట మూడు కోళ్లను కుక్కకుండా, టీకాలు వేయించి జబ్బు రాకుండా చూసుకోవడం మరీ పాత పద్ధతి. అంత శ్రమ ఎందుకు? నీళ్లలో ఒక చెంచా పొడి! దీన్నే నివారణ అంటారు.

కొల్లేటి గట్టు నుంచి బుల్లిరాజు గారు వస్తారు. ఆయనది నలభై ఎకరాల చేపల చెరువు. కొల్లేటిలో సర్కారు వాళ్లు చెరువుల గట్లు కొట్టేసిన ఏడాది అది ఎలా మిగిలిందని అడక్కండి. చెరువు సరస్సు హద్దుకు బయట ఉందని ఆయన వాదం, లోపలే ఉందని గూడబాతుల వాదం. శీలావతి చేపకు ఒంటి మీద ఎర్ర మచ్చ కనబడితే చాలు, ఆయన తవుడులో మందు కలిపించి, చిల్లుల గోతాల్లో నింపించి, చెరువులో వెదుళ్లకు వేలాడదీయిస్తారు. పక్క చెరువులో మచ్చ కనబడినా అంతే. మచ్చ కనబడిందని టీ కొట్టు దగ్గర ఎవరన్నా అన్నా అంతే.

ఇంక మనుషులు. ఏలూరు మనుషులు అయిదు రోజుల మందు కొనరు. "రెండు మాత్రలియ్యండి" అంటారు. మొదటి దానికి జ్వరం తగ్గితే రెండోది బీరువాలో దాచుకుంటారు, వచ్చే జ్వరానికి. జలుబుకు అదే, పంటినొప్పికి అదే, కాలు బెణికినా అదే. రోగి కోరిందీ పాలే, వైద్యుడిచ్చిందీ పాలే! బుల్లిరాజు గారి చెరువు మీద పనిచేసే కొండబాబైతే మాత్ర కూడా కొనడు. ఒళ్లు వెచ్చబడితే చేపల బస్తాలోంచి చిటికెడు పొడి తీసి మజ్జిగలో కలుపుకుంటాడు. "చేపకి పని చేసింది నాకు చెయ్యదేంటండీ, నేనూ రోజంతా నీళ్లలో ఉండేవాణ్ణే కదా" అంటాడు. ఈ తర్కానికి ఏ యూనివర్సిటీలో సమాధానం ఉంది?

అయినా ఈ సిద్ధాంతాన్ని శిఖరానికి చేర్చిన ఘనత మాత్రం మునీర్ తల్లి రహీమున్నీసా గారిది.

ఆవిడకు డెబ్బై ఏళ్లు. పెరట్లో ఆరు పెట్టలు, ఒక పుంజు. పెట్ట ఒకటి రెక్కలు వాల్చి కునుకుతున్నట్టు కనబడితే, కొడుకు తెచ్చి ఉంచిన డబ్బాలోంచి మాత్ర తీసి, అట్లకాడ అంచుతో సగానికి విరుస్తుంది. సగం నూరి నూకల్లో కలిపి కోడికి పెడుతుంది. మిగతా సగం? పారేస్తే పాపం కాదూ! ఆవిడే నోట్లో వేసుకుని మంచినీళ్లు తాగుతుంది. ఇలా కోడీ తానూ చెరి సగం చేసుకుని పదేళ్లుగా ఆరోగ్యంగా ఉన్నారు. ప్రపంచంలో ఏ మహాసభ అయినా మనిషినీ కోడినీ ఇంత దగ్గరికి తెచ్చిందా?

మునీర్‌కు తల్లంటే ప్రాణం. షాపు తెరిచే ముందు ఆవిడ చేతి టీ తాగకపోతే అతనికి రోజు మొదలవదు. "అమ్మీకి ఇంతవరకూ ఆసుపత్రి మెట్లు ఎక్కించలేదండీ. అన్నీ నా చేతి మాత్రలే" అని అందరికీ గొప్పగా చెప్పుకునేవాడు.

రెండేళ్ల కిందట బర్డ్ ఫ్లూ గోల వచ్చింది, గుర్తుందా? జబ్బు ఎక్కడో మహారాష్ట్రలో వస్తే ఇక్కడ కోడి మొహం చూసేవాడు లేడు. కోళ్లవాళ్లు చికెన్ మేళాలు పెట్టి ఊరికే వండి పెట్టినా, జనం తినేసి మళ్లీ భయపడ్డారు. కోడి జబ్బు మనిషికొస్తుందేమోనని అంత గడగడలాడిన మనం, కోడి మందు మనిషికొస్తుంటే ఒక్కనాడన్నా భయపడ్డామా? లేదు! అదీ మన గుండె నిబ్బరం.

ఆ గోల సద్దుమణిగాక, ప్రభుత్వంలో ఎవరికో మంచి బుద్ధి పుట్టి, తాడేపల్లిగూడెంలో ఒక సదస్సు పెట్టారు. మనుషుల ఆరోగ్యం, జంతువుల ఆరోగ్యం, పర్యావరణం, మూడూ కలిపి. నాలుగు శాఖల అధికారులు ఒకే వేదిక మీద కూర్చోవడం జిల్లాలో అదే మొదటిసారి. కుర్చీలు మాత్రం ఎడంగా వేశారు. మనుషుల డాక్టరు గారు కోళ్ల సంగతి తమ పరిధి కాదన్నారు. పశువుల డాక్టరు గారు నీళ్ల సంగతి తమ పరిధి కాదన్నారు. చేపల ఆఫీసరు గారు నీళ్లు తమవే గానీ, ఆ నీళ్లు చెరువులోంచి డ్రెయిన్‌లోకి దిగిన క్షణం నుంచి తమవి కావన్నారు. కాలుష్యం ఆఫీసరు గారు అసలు తమకు జీపు లేదన్నారు. నలుగురూ నిజమే చెప్పారు. ఎవరి హద్దులో వాళ్లు ధర్మంగా ఉండటం చూసి సభ చప్పట్లు కొట్టింది.

హద్దులు తెలియనిది సూక్ష్మజీవికి ఒక్కదానికే. దానికి పరిధి గురించి చెప్పేవాళ్లు లేరు.

భోజనాలకు పది నిమిషాల ముందు సౌజన్య గారికి మైకు ఇచ్చారు. ఆవిడ ఏలూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రి ల్యాబు డాక్టరు. నెత్తురూ మూత్రమూ పరీక్ష చేసి, ఏ క్రిమి ఏ మందుకు చస్తుందో తేల్చి చెప్పే చదువు ఆవిడది. చిన్న వయసు, చిన్న గొంతు. "అదే మందు కోడికీ చేపకీ మనిషికీ కొంచెం కొంచెంగా అలవాటు చేస్తే, క్రిములన్నీ చావవండీ. బలహీనమైనవి చస్తాయి, మొండివి మిగులుతాయి. ఆ కోళ్ల ఎరువే లారీల్లో చేపల చెరువులకు పోతుంది. చెరువు నీళ్లు కాలవల్లోకొస్తాయి. మొండివన్నీ తిరిగి తిరిగి మన కంచంలోకే వస్తాయండీ" అంది. అప్పటికే వెనక బిర్యానీ గిన్నె మూత తీశారు. ఆ వాసనకు సైన్సు ఆగుతుందా? ఆవిడ చివరి మాటలు పెరుగు చట్నీ అందుకునే చప్పుడులో కలిసిపోయాయి.

ఆ బిర్యానీకి కోళ్లిచ్చింది తాతారావు గారు. చేపల వేపుడు బుల్లిరాజు గారిది. మూడు రంగాలకూ ఏకకాలంలో సేవ చేస్తున్నందుకు మునీర్‌కు శాలువా కప్పారు. అతను నిజంగా మురిసిపోయాడు. శాలువా తెచ్చి తల్లి ఒళ్లో పెట్టాడు.

నెల తిరక్కుండా రహీమున్నీసా గారికి మూత్రంలో మంట, చలి జ్వరం పట్టుకున్నాయి.

మునీర్ తొణకలేదు. ఎందుకు తొణకాలి? సొరుగు లాగాడు, మాత్ర తీశాడు. ఈసారి కోడికి వాటా లేకుండా పూర్తి మాత్ర ఇచ్చాడు. తగ్గలేదు. అన్నగారిని ప్రయోగించాడు. తగ్గలేదు. పై అరలోంచి కొత్త రకం దించాడు, దాని మీద ఇంకో రకం. రెండేసి పూటలు చూడటం, మార్చడం. నాలుగో రోజు పొద్దున్న టీ కోసం వంటింట్లోకి వెళ్తే పొయ్యి వెలగలేదు. రహీమున్నీసా గారు మంచం మీద వణుకుతూ, కొడుకును చూసి "ఏమండీ, కోళ్లు మూశారా?" అని చచ్చిపోయిన భర్త మీరావలిని అడిగినట్టు అడిగింది.

పదకొండు వందల మందుల పేర్లు తెలిసినవాడికి ఆ క్షణాన ఒక్క పేరూ గుర్తు రాలేదు. తల్లిని రెండు చేతుల మీద ఎత్తుకుని ఆటోలో కూర్చున్నాడు.

ఆసుపత్రిలో సెలైన్ పెట్టారు. ఇన్ఫెక్షన్ నెత్తుట్లోకి దిగిందన్నారు. వయసు చూస్తే భయంగా ఉందన్నారు. పరీక్షకు మూత్రం తీసుకుని సౌజన్య గారి ల్యాబుకు పంపారు. క్రిమి పెరిగి, ఏ మందుకు లొంగుతుందో తేలాలంటే రెండు రోజులు పడుతుందట. ఆ రెండు రోజులూ మునీర్ మంచం పక్క స్టూలు మీద కూర్చున్నాడు. చెయ్యి ముట్టుకుంటే కాలుతోంది. తన అమ్మ తన కళ్ల ముందే పోతుందేమోనని, జీవితంలో మొదటిసారి అతను మందుల మీద నమ్మకం లేని మనిషిలా భయపడ్డాడు.

మూడో రోజు పొద్దున్న సౌజన్య గారు స్వయంగా కాగితం పట్టుకుని వచ్చింది. పద్నాలుగు మందుల పేర్లు వరసగా ఉన్నాయి. పదమూడింటి పక్కన 'ఆర్' అనే ఇంగ్లీషు అక్షరం ఉంది.

"ఆర్ అంటే క్రిమి ఆ మందుకి లొంగదని అండీ" అంది ఆవిడ.

మునీర్‌కు ఆ వరస కొత్త కాదు. పైనుంచి కిందికి తన షాపు స్టాకు లిస్టు చదువుతున్నట్టే ఉంది. మొదటి అర, రెండో అర, పై అర, సొరుగు. ఒక్కటీ పోకుండా అన్నీ ఉన్నాయి.

"ఇన్ని మందులు పని చెయ్యకపోవడమేంటండీ? మిషన్లో ఏదన్నా తేడా వచ్చిందేమో, ఇంకోసారి చూడండమ్మా" అన్నాడు.

"రెండుసార్లు చూశానండీ. ఈ వారంలో ఇలాంటిది ఇది మూడోదండి."

"మా అమ్మీ గడప దాటి పోదండీ. ఇంత మొండి క్రిమి ఆవిడకెక్కణ్ణుంచి వచ్చిందంటారు?"

సౌజన్య గారు అతని వయసుకు మర్యాద ఇచ్చే పిల్ల. కాగితం మడిచి అతని చేతిలో పెట్టాక నెమ్మదిగా అంది. "కోడి నుంచో, చేప నుంచో, నీళ్లలోంచో, ఇంట్లో వేసుకున్న అరా కొరా మాత్రల నుంచో, కచ్చితంగా చెప్పలేనండీ. ఏ దారిన వచ్చినా మీ షాపు ముందు నుంచే వచ్చి ఉంటుంది. ఏమీ అనుకోకండి."

మునీర్ ఏమీ అనుకోలేదు. అనుకోవడానికి ఏం మిగిలింది గనక? సిగ్గేసింది, ఏడుపొచ్చింది.

పద్నాలుగోది ఒక ఇంజక్షను. దాని పక్కన మాత్రమే 'ఎస్' అని ఉంది. లొంగుతుందని. అది మునీర్ షాపులో లేదు. ఎప్పుడూ లేదు. ఎందుకంటే అది కోళ్లకూ చేపలకూ ఎవరూ అడగలేదు. ఆసుపత్రి కింది మందుల కౌంటర్ వాళ్లు విజయవాడ నుంచి తెప్పించారు. పూటకొకటి చొప్పున వారం రోజులు చెయ్యాలన్నారు. ఇదీ పని చెయ్యకపోతే ఇంకేం ఉందని మునీర్ అడిగితే, డాక్టరు గారు పక్క మంచం రోగి దగ్గరికి వెళ్లిపోయారు.

నాకు తెలుసు, ఈపాటికి మీరు మునీర్‌ను తిట్టుకుంటున్నారు. అన్యాయం! అమ్మినవాడు ఒక్కడు, అడిగినవాళ్లం ఊరంతా. మీ బీరువాలో దాచిన ఆ ఒక్క మాత్ర సంగతేమిటి? తీసి చూసుకోండి, నేను ఎవరికీ చెప్పను.

మూడు రోజుల ఇంజక్షన్లకు జ్వరం దిగింది. నాలుగో రోజు రహీమున్నీసా గారు కళ్లు తెరిచి, కొడుకును కొడుకుగానే గుర్తుపట్టి, "టీ తాగావా నాయనా?" అంది. మునీర్ బయటికి వెళ్లి టీ తెచ్చుకుని, ఆవిడ మంచం పక్కన కూర్చుని తాగాడు.

ఆ సాయంత్రమే బుల్లిరాజు గారు చూడ్డానికి వచ్చారు. మంచి మనిషి. పాతిక కిలోమీటర్లు మోటారు సైకిలు మీద, నీళ్ల బకెట్లో రెండు బతికున్న కొర్రమేనులు పెట్టుకుని మరీ వచ్చారు.

"పులుసు పెట్టి ఇవ్వండి, పెద్దమ్మగారికి బలం వస్తుంది. భయపడకండి, ఇవి చెరువులోవి కావండి. మా ఇంటెనక గుంటలోవి. మేం తినేవి ఇవేనండి. వీటికి మందూ మాకూ ఏం వెయ్యం" అన్నారు.

అని, మంచం పక్క బల్ల మీది ఖాళీ ఇంజక్షన్ సీసా వైపు చూశారు.

"పెద్దమ్మగారిని నిలబెట్టింది ఇదేనా అండీ?"

"ఆయ్, ఇదేనండి" అన్నాడు మునీర్.

బుల్లిరాజు గారు జేబులోంచి కళ్లజోడు తీశారు. "అబ్బ, ఏం మందండీ! మునీర్ గారూ, సమయం కాదనుకోండి గానీ, ఎలాగూ వచ్చాను కాబట్టి అడుగుతున్నాను. మా శీలావతికి మళ్లీ మచ్చలొచ్చాయండి. పాత మందు బస్తాలకి బస్తాలు కుమ్మరించినా లొంగట్లేదు. ఇది బస్తాల్లో దొరుకుతుందంటారా?"

మునీర్ చెయ్యి జాపి సీసా తీసుకుని చొక్కా జేబులో వేసుకున్నాడు.

"తెలీదండి" అన్నాడు.

"పోనీ పేరు చెప్పండి, నేనే కనుక్కుంటాను."

"పేరు గుర్తు లేదండి."

బుల్లిరాజు గారు మర్యాదస్థులు. తల్లి మీద దిగులుతో మర్చిపోయి ఉంటాడనుకున్నారు. "పర్లేదండి, మీరు ఆవిణ్ణి చూసుకోండి" అని భుజం తట్టి, బకెట్ అక్కడే ఉంచి, వెళ్తూ వెళ్తూ కింద మందుల కౌంటర్ దగ్గర ఆగారు. మునీర్ కిటికీలోంచి చూశాడు. కౌంటర్లో మనిషి ఏదో కాగితం మీద రాసి ఇస్తున్నాడు. మునీర్ మెట్లు దిగి పరుగెత్తాడు. అతను వెళ్లేసరికి మోటారు సైకిలు రోడ్డెక్కేసింది.

రహీమున్నీసా గారికి ఇంకా మూడు రోజుల ఇంజక్షన్లు మిగిలి ఉన్నాయి. ఈసారికి గండం గడిచినట్టేనని సౌజన్య గారు అంది. మళ్లీ వస్తే అనే మాట ఆవిడ ఎత్తలేదు, మునీర్ అడగలేదు.

ఆ ఇంజక్షను పేరేమిటని మీరు అడగబోతున్నారు. నాకు తెలుసు. స్పెల్లింగు సహా రాసుకుని కూర్చున్నాను. కానీ ఈ పత్రిక కొల్లేటి గట్టు మీద కూడా వస్తుంది, తాడేపల్లిగూడెంలోనూ వస్తుంది. అందుకని రాయడం లేదు. మీకో, మీ అమ్మగారికో అవసరమైన రోజున డాక్టరే రాస్తారు. అప్పటికి అది ఇంకా పని చేస్తూ ఉంటే మీ అదృష్టం.